సల్లచేతి మనిషి

నాగలత ముందుగా చూసింది ఆ అమ్మాయి గోళ్లను. ఫారం నింపడానికి పెన్ను పట్టుకున్న వేళ్ల చివర, గోరు చర్మంలో కలిసేచోట, సన్నగా ఎర్రటి గీత ఉంది. మొదట గోరింటాకు అనుకుంది. గోరింటాకైతే గోరంతా పండుతుంది. ఇది అంచుల్లో మాత్రమే నిలిచిపోయింది, ఎంత తోమినా పోని మరకలాగ.

"పేరు శివలీలనా?"

"అవును మేడం. కోసిగి."

ఊరు అడక్కుండానే చెప్పింది. ఇక్కడికి వచ్చే పిల్లలు ఊరడిగితే మండలం చెబుతారు, మండలం అడిగితే జిల్లా చెబుతారు. నాగలత కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

కర్నూలులో ఒక చెప్పుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు అది. పిల్లల్ని పై చదువులకు విదేశాలకు పంపే కన్సల్టెన్సీ. గదుల మధ్య ప్లైవుడ్ అడ్డం. అవతల యజమాని జయరాజ్, ఇవతల నాగలత. ఆమె పదింటికి వస్తుంది, నాలుగింటికి పోతుంది. మధ్యలో చేసే పని ఒకటే: పిల్లలు తమ గురించి తాము రాసుకోవలసిన వ్యాసాలను వాళ్ల తరఫున రాయడం. ఇంగ్లీషులో ఎం.ఏ. చదివి, పదమూడేళ్లు ఇల్లు చక్కబెట్టాక ఆ చదువు ఇట్లా పనికొచ్చింది. గోడమీద ఫోటోల్లో మంచులో నిలబడి నవ్వుతున్న నలభైమంది పిల్లలున్నారు. వాళ్ల వెనక నాగలత రాసిన నలభై 'నేను'లు ఉన్నాయి.

శివలీల అడుగుతున్న సీటు మామూలుది కాదు. నెదర్లాండ్స్‌లో రెండేళ్ల పీజీ. అందులో ఆరు నెలలు, మసాలా దినుసులు దిగుమతి చేసుకునే ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్. ఫీజు లేదు, ఇంటర్న్‌షిప్‌లో జీతం కూడా ఇస్తారు. ప్రపంచం మొత్తానికి పన్నెండు సీట్లు. వ్యాసానికి ప్రశ్న ఒకటే ఇచ్చారు: ఒక పని ఎలా జరుగుతుందో దగ్గరుండి చూసి నేర్చుకున్నది చెప్పండి. ఎనిమిది వందల మాటలకు మించకూడదు. గురువారం సాయంత్రం ఐదున్నర లోపల పంపాలి.

"నువ్వు దగ్గరుండి చూసిన పని ఏదైనా ఉందా?" అంది నాగలత నోటుపుస్తకం తెరుస్తూ.

"సుగ్గికి పోతాం కదా మేడం."

వానలు ఎగ్గొట్టిన ఏడాది ఇళ్లకు తాళాలు వేసి, మిరప కోతలకు గుంటూరు దిక్కు పోవడాన్ని ఆ వైపు సుగ్గి అంటారని నాగలతకు తెలుసు. లారీల్లో మూటల మీద కూర్చున్న మనుషుల్ని బస్సు కిటికీలోంచి చూసింది. వాళ్లలో ఒకరితో మాట్లాడటం ఇదే మొదలు.

"నేనూ పోయిన వారం దాకా ఆడనే ఉంటిని. ఈ ఫారాల కోసమని వచ్చినా. మా అమ్మ ఇంకా ఆడనే ఉండాది."

"అమ్మ పేరు?"

"భీమమ్మ. మా గుంపులో పద్దెనిమిది మంది మేడం. అందరూ కాయ కోయరు. ఒకరు కోయరు."

"ముసలివాళ్లా?"

"కాదు, దినానికొకరు. సల్లచేతి మనిషి అంటాము." శివలీల పెన్ను బల్లమీద పెట్టి రెండు అరచేతులూ చూపించింది. "కాయ కోస్తే, తొడిమలు తీస్తే చేతులు మండుతాయి కదా. ఆ చేతుల్తో బిడ్డ నెత్తుకునేకి కాదు, అన్నం తినేకి కాదు, కండ్లు తుడుసుకునేకి కాదు. అందుకని పొద్దున్నే ఒకరిని పక్కన పెడతారు. ఆ పొద్దంతా ఆ మనిషి కాయ ముట్టదు. బిడ్డలకు పాలు పట్టేది, సాళ్లల్లోకి పోయి నీళ్లు తాపేది, మధ్యాన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టేది అంతా ఆ మనిషే. కంట్లో చెమట పడితే 'సల్లచెయ్యీ' అని కేకేస్తారు. పోయి కొంగుతో అద్ది రావల్ల."

"కూలి?"

"అందరితో సమానం. కొత్తగా వచ్చినోళ్లు మొదటి దినం కొట్లాడతారు, కోయని మనిషికి కూలేంది అని. రెండో దినం కండ్లలో చెమట పడినంక ఊరుకుంటారు." నవ్వింది. "మా అమ్మతో ఫోన్లో మాట్లాడాలన్నా అంతే మేడం. అమ్మ వంతు వచ్చిన దినమే ఫోను ఎత్తుతాది."

నాగలత రాసుకుంటూనే ఉంది. కానీ ఆమెకు కావలసింది ఇంకా దొరకలేదు. "చాలా కష్టం కదా," అంది మెల్లగా. "అమ్మ బాధపడేదా? ఎప్పుడైనా, నీ దగ్గర..."

శివలీల పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నడుము నొస్తాందంటాది."

నాగలత ఇంకాస్త ఆగి చూసింది. ఆ అమ్మాయి ఫారం నింపడంలో పడింది. నాగలత నోటుపుస్తకంలో 'తల్లి, కన్నీళ్లు' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

వ్యాసం ఆ మధ్యాహ్నమే రాసింది. సల్లచేతి మనిషి గురించి ఒక పేరా రాసి, చదివి, కొట్టేసింది. ఎక్కడో చలిదేశంలో కూర్చున్నవాళ్లకు అది అర్థం కావాలంటే ఇంకో రెండు పేరాలు కావాలి, మాటలు చాలవు. పైగా అందులో గుండె పట్టేది ఏముంది? దాని చోట పొద్దు గూకే వేళ పెట్టింది. ఎర్రటి కాయల కుప్ప పెట్టింది. దాని పక్కన ఒక తల్లిని కూర్చోబెట్టింది. 'కాయలు కోసి ఎర్రబడ్డ చేత్తో ఆమె కన్నీళ్లు తుడుచుకుని, నా తల నిమిరి, నువ్వు చదువుకోవాలి అంది.' ఆ వాక్యం రెండుసార్లు చదువుకుంది. రెండోసారి చదివి కొంగుతో కళ్లొత్తుకుంది. ఇక ప్రశ్నార్థకం అక్కర్లేదనిపించింది.

*

మంగళవారం జయరాజ్ ఆ కాగితాలు నిలబడే చదివాడు. మామూలుగా ఆయన మొదటి పేరా చదివి, చివరి పేరా చదివి, బాగుంది మేడం అనేస్తాడు. ఈసారి మధ్య పేజీ దగ్గర ఆగిపోయాడు. కాగితాలు సర్ది, వాటి అంచులు బల్లకేసి తట్టి సమం చేశాడు.

"ఇది లక్ష్మీప్రియకు పెడదాం మేడం."

నాగలతకు వెంటనే అర్థం కాలేదు. లక్ష్మీప్రియ రాజంపేట అమ్మాయి. వాళ్ల నాయన ఓబుళేశు అరటి, మామిడి వ్యాపారి. ఆ అమ్మాయీ అదే సీటుకు దరఖాస్తు పెట్టుకుంది. ఆమె వ్యాసం ఇంకా మొదలే కాలేదు.

"ఇది శివలీల కథ కదా సార్."

"ఎవుర్దైతే ఏంది మేడం? రాసింది మీరు. ఓబుళేశన్న చుట్టాల్లో ఇంకా ఆరుమంది పిల్లలుండారు. ఈ పాపకు సీటొచ్చిందా, ఆరుమందీ మన మెట్లే ఎక్కుతారు. ఆ కోసిగి పాప ఉండాది సూడండి, సీటొచ్చినా వీసాకు ఏం సూపిస్తాది?"

"ఫీజు లేదు కదా. జీతం కూడా..."

"అట్లంటారు." ఆయన గొంతులో కోపం లేదు. ఓపికగా చెబుతున్నాడు. "తల్లి అని కాకుండా, మా తోటకు సుగ్గికి వచ్చిన ఒకామె అని మార్చండి. ఈ పాప ఒక నెల వాళ్లతోపాటే ఉండి కాయ కోసినట్ల. రెండూ ఒక తీరుగా ఉండకూడదు కాబట్టి, కోసిగి పాపకు మన పాతది ఏదన్నా సర్ది పంపేయండి."

నాగలత తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. కాళ్లు చెప్పుల్లోంచి తీసింది, మళ్లీ పెట్టింది. సీసాలో నీళ్లు సగం తాగింది. అవతల గదిలో జయరాజ్ ఎవరితోనో ఫోన్లో ఆస్ట్రేలియా గురించి మాట్లాడుతున్నాడు. నిన్న తను రాసిన వాక్యాలు తెర మీద అట్లాగే ఉన్నాయి. అవి ఎవరో ఒకరి పేరుతో పోవలసినవే కదా. ఇంతవరకు పోయినవన్నీ అట్లా పోయినవే కదా.

'నా తల్లి' అన్నది వెతికి, 'భీమమ్మ' అని మార్చమని కంప్యూటరుకు చెప్పింది. పదకొండు చోట్ల మార్చాను అని తెర మీద చూపించింది. ఇంకో పేరు పెట్టి ఉండవచ్చు. ఆ వాక్యాల్లో ఆ పేరే చక్కగా కూర్చుంది. మొత్తం పని నలభై నిమిషాలు కూడా పట్టలేదు. శివలీల కోసం తీసిన పాత వ్యాసం ఇట్లా మొదలవుతుంది: 'చిన్ననాటి నుంచి అంతర్జాతీయ వ్యాపారమంటే నాకు అపారమైన ఆసక్తి.' దానికి ఆరుగురు పిల్లలు ఇప్పటికే యజమానులు.

*

బుధవారం పొద్దున నాగలత కడిగిన గ్లాసులు మళ్లీ కడిగింది. ఉతికి మడతపెట్టిన చీరలు విప్పి, అంచులు కలిపి, మళ్లీ మడత పెట్టింది. పొయ్యి మీద పప్పు ఉండగానే వాకిట్లోకి వెళ్లి గేటు గడియ వేసిందో లేదో చూసి వచ్చింది. ఆమె భర్త హనుమేష్ నీటిపారుదల ఆఫీసులో పని చేస్తాడు. పప్పన్నం రెండు ముద్దలు తిని తలెత్తాడు.

"ఏం లతా, డ్యాము నీళ్లన్నిటికీ సరిపోయే ఉప్పు దీంట్లోనే ఏసినావు?"

"రెండుసార్లు వేసినట్టున్నా."

"ఏమైంది?"

చెప్పింది. గిన్నెలో పెరుగు గిలకొడుతూ, ఆయన ముఖం చూడకుండా చెప్పింది. హనుమేష్ అంతా విని, కంచంలో ఇంత పెరుగు వేయించుకున్నాడు.

"రాసింది నువ్వే కదా. రాసినోళ్లదే కథ. దానికింత యోచనెందుకు?"

నిన్న ఆమె తనకు తాను చెప్పుకున్న మాటే అది. ఇంకొకరి నోట వినేసరికి నోట్లో ఇసుక పడ్డట్టు అనిపించింది.

మధ్యాహ్నం ఆఫీసులో జయరాజ్ శివలీలకు ఫోన్ చేశాడు. దరఖాస్తు నింపి పెట్టేది కన్సల్టెన్సీయే. ఆఖరున మీట నొక్కే ముందు విద్యార్థి ఫోనుకు ఒక ఓటీపీ వస్తుంది. వాళ్లు ఆ అంకెలు చదివితే వీళ్లు కొడతారు. పని అయిపోతుంది.

"ఓటీపీ వచ్చింటాది సూడమ్మా. చెప్పు... ఏందీ? అంతా బాగుందమ్మా, మేడం శానా బాగా రాసింది... మెయిల్ చేస్తాంలే... సిగ్నల్ లేకుంటే మిద్దె ఎక్కు... ఏందీ?" ఫోను చెవినుంచి తీసి దానివైపు చూశాడు. తర్వాత ప్లైవుడ్ పక్కనుంచి తల బయటపెట్టాడు. "సదివి చెప్తాదంట మేడం! ఆరేండ్లుగా ఈ పని చేస్తాండా. ఓటీపీ అడిగితే సదివి చెప్తానన్న మనిషిని ఇప్పుడే సూస్తాండా. రేపు బస్సెక్కి వస్తాదంట. వచ్చి సదువుతాదంట!"

నాగలత తన నోటుపుస్తకంలో సోమవారం పేజీ తీసింది. 'దినానికొకరు' అని ఆ అమ్మాయి మాటనే రాసుకుని ఉంది. 'అందరితో సమానం' అని ఉంది. దాని కింద, ఇక చాలన్నట్టు, ఆ రోజు తనే అడ్డంగా కొట్టిన గీత ఉంది.

*

గురువారం శివలీల వచ్చేసరికి పదకొండున్నర అయింది. ఎమ్మిగనూరు మీదుగా రెండు బస్సులు మారి వచ్చింది. ముఖం మీది దుమ్ము చున్నీతో తుడుచుకుని, నాగలత ఎదురుగా కూర్చుని, కాగితం అడిగి తీసుకుంది. ప్రతి పంక్తి కిందా వేలు పెట్టి చదివింది. అవతలి గదిలో లక్ష్మీప్రియ ఇంటర్వ్యూకు తయారవుతోంది. జయరాజ్ ప్రశ్న అడుగుతున్నాడు, ఆ అమ్మాయి అప్పజెబుతోంది. ప్లైవుడ్‌కు ఆనించిన ఫ్యాను గాలికి గోడ మీది ఫోటోలు లేచి పడుతున్నాయి.

"ఇది నేను కాదు మేడం," అంది శివలీల చదవడం అయ్యాక.

"ఇందులో తప్పేం లేదమ్మా. ఇట్లాంటివి రాస్తేనే..."

"తప్పు లేదు. నేను కూడా లేను."

అంతలోనే అవతలి నుంచి లక్ష్మీప్రియ గొంతు వినిపించింది. చక్కని ఇంగ్లీషు. బడిలో పద్యం చదివినట్టు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది. భీమమ్మ పక్కన కూర్చుని తను కూడా కాయ కోసిందట. పొద్దు గూకిందట. శివలీల వేలు కాగితం మీద నిలిచిపోయింది.

"కాయలు కోసి ఎర్రబడ్డ చేత్తో భీమమ్మ కన్నీళ్లు తుడుచుకుని..."

శివలీల నవ్వింది.

నాగలత దేనికైనా సిద్ధపడింది గానీ దీనికి కాదు. అది వెక్కిరింత నవ్వు కూడా కాదు. చిన్నపిల్లలు ఎడమకాలి చెప్పు కుడికాలికి వేసుకుంటే వచ్చే నవ్వు. శివలీల లేచి, ప్లైవుడ్ దాటి అవతలికి పోయింది. నాగలత కూడా వెంట వెళ్లింది.

"ఆ చేత్తో తుడుసుకుంటే కండ్లు పోతాయక్కా," అంది శివలీల.

లక్ష్మీప్రియ కాగితం దించింది. "ఎవరు నువ్వు?"

"భీమమ్మ కూతుర్ని."

జయరాజ్ కుర్చీలో ముందుకు వంగాడు. "నువ్వు ఆ పక్క కూర్చో తల్లీ, పిలుస్తా."

"అంకుల్, భీమమ్మ అని ఊరికే పెట్టిన పేరన్నారు కదా?" లక్ష్మీప్రియ ఆయన వైపు చూసింది. ఆయన నాగలత వైపు చూశాడు. శివలీల కూడా ఆమె వైపే తిరిగింది.

"మా అమ్మ పేరు ఇందులోకి ఎట్లొచ్చింది మేడం?"

నాగలత చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "నేనే రాశాను. నీ కోసమని రాసి, ఆమెకు మార్చాను." అక్కడితో ఆపవచ్చు. ఆపలేదు. "పేరు మీ అమ్మది. ఏడుపు నేను కల్పించింది."

"మా అమ్మ ఏడ్వలేదు మేడం." శివలీల ఇప్పుడు నవ్వడం లేదు. "సుగ్గిలో ఎవురూ ఏడ్వరు. ఏడిస్తే తుడిసేకి సల్లచేతి మనిషి రావల్ల. పదిహేడు మందికి ఒకే మనిషి. ఊరికే పిలిస్తే తిడతారు. నేను సోమవారం మీకు ఇదంతా చెప్పినా కదా?"

"చెప్పావు."

"మల్ల అదెందుకు లేదు ఇందులో?"

నాగలత దగ్గర జవాబు ఉంది. మాటలు చాలలేదని, విదేశం వాళ్లకు అర్థం కాదని. ఆ రెండూ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. "నాకు అర్థం కాలేదు," అంది చివరికి. "వాళ్లకు కాదు. నాకే."

లక్ష్మీప్రియ కాగితాలు బల్లమీద బోర్లా పెట్టింది. "నేనిది చెప్పలేను అంకుల్."

"పాపా, నిన్నంతా బాగా చెప్పినావు కదా! నీకు వేరే ఏముండాది చెప్పేకి?"

"అరటి గెలలుండాయి. మొదటి రోజే చెప్పినా. కడుపు నిండినోళ్ల కథ, ఎవరికీ జాలి పుట్టదు అన్నారు మీరు." ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "లారీలో గెలలు పేర్చేటప్పుడు మా నాయన పక్కన ఎవర్నీ మాట్లాడనీడు. గెల గెలకీ మధ్య ఆకు పరిపిస్తాడు. ఏ ఊరికి పోయే లారీకి ఎంత ఆకు పెట్టాలో గెల మీద వేలు రుద్ది చెప్తాడు. పదో తరగతి నుంచి నేనూ చెప్తా. అది పనికిరాదా?"

"ఆకు ఎక్కువైతే ఏమవుతాది?" అంది శివలీల.

"ఉడుకుతాయి. తక్కువైతే నల్లబడతాయి."

"అబ్బ," అంది శివలీల. నిజంగానే తెలుసుకున్నట్టు తల ఊపింది.

జయరాజ్ గోడ గడియారం చూపించాడు. "పన్నెండైంది. ఐదున్నరకు మూసేస్తారు. కొత్తగా రెండు ఎవరు రాస్తారు? మేడం, కూర్చోండి, మీరు కానీండి."

"నేను రాయను సార్," అంది నాగలత. "వాళ్లే రాసుకుంటారు. స్పెల్లింగులు, వ్యాకరణం నేను చూస్తా."

"ఓబుళేశన్నకు ఏమని చెప్పాల నేను?"

"మా నాయనకు నేను చెప్తాలే అంకుల్," అంది లక్ష్మీప్రియ. తన సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి, సోఫా మీద కాళ్లు మడుచుకుని కూర్చుంది.

శివలీల నాగలత కుర్చీలో కూర్చుంది. రెండు చూపుడు వేళ్లతో అక్షరం అక్షరం వెతికి కొట్టింది. నాగలత పక్కన స్టూలు వేసుకుంది. ఆ ఇంగ్లీషు మొరటుగా, పొట్టి వాక్యాలతో నడుస్తోంది. 'మా గుంపులో పద్దెనిమిది మంది. పదిహేడు మంది కోస్తారు.' నాగలత వేళ్లు ఒళ్లో ఒకదాన్నొకటి నలుపుకున్నాయి. పదిహేడుకు ముందు ఒక విశేషణం పడితే ఎంత బాగుంటుంది. కోస్తారు అనే దగ్గర ఎండ రావాలి, మంట రావాలి. శివలీల కొడుతూనే ఉంది. 'కోసేవాళ్ల కంటే కోయని మనిషి ఎక్కువ నడుస్తుంది. సాయంత్రానికి ఆ మనిషి కాళ్లు నొస్తాయి, మిగతావాళ్లకు చేతులు మండుతాయి. కాబట్టి ఎవరూ రెండో రోజు కూడా నేనే ఉంటానని అడగరు.' నాగలత వేళ్లు ఆగిపోయాయి. ఇది సోమవారం ఆ అమ్మాయి చెప్పలేదు. తను అడగలేదు.

'ఎవరిని పక్కన పెట్టాలో తేల్చుకోలేని గుంపు నాలుగో రోజుకు విడిపోతుంది. నేను రెండు గుంపులు అట్లా విడిపోవడం చూశాను. వాళ్లు మా కంటే బాగా కోసేవాళ్లు.'

"ఇది సరిగా ఉండాదా మేడం?"

"ఇక్కడ ఒక ఎస్ రావాలి. ఇక్కడ కూడా."

మూడింటికి హనుమేష్ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా తెరిచి ముగ్గురూ తిన్నారు. నాలుగైంది. ఆమె పోయే వేళ. పోలేదు. నాలుగున్నరకు శివలీల చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆరు వందల మాటల దగ్గర వ్యాసం ఆగిపోయింది.

"ముగింపు లేదే?" అంది నాగలత.

"అయిపోయింది కదా మేడం."

నాగలత మౌస్ మీద చెయ్యి వేసింది. ఆఖరి వాక్యం కింద ఖాళీ తెల్లగా ఉంది. అక్కడ ఏం రావాలో ఆమెకు తెలుసు. కల రావాలి, అమ్మ రావాలి, ప్రపంచం రావాలి. నలభై వ్యాసాలకు పెట్టిన చెయ్యి అది. మౌస్ మీదినుంచి తీసి కింద పెట్టుకుంది.

శివలీల ఫోను మోగింది. ఆరు అంకెలు వచ్చాయి. బయటికి చదవలేదు. ఫోను కీబోర్డు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క అంకె చూసి తనే కొట్టింది. పక్క గదిలోంచి లక్ష్మీప్రియ, "నాదీ పోయింది!" అని అరిచింది.

పిల్లలిద్దరూ మెట్లు దిగాక జయరాజ్ లైట్లు ఆపుతూ, "సోమవారం నుంచి వేరే మనిషిని సూసుకుంటా మేడం," అన్నాడు. మామూలు గొంతుతోనే. "మీకు ఈ పని పొసగదు."

"సరే సార్," అంది నాగలత. టిఫిన్ డబ్బా, నిఘంటువు, కుర్చీ మీది దిండు తీసుకుంది. మెట్ల మీద దిండు చంకలోంచి రెండుసార్లు జారింది. నోటుపుస్తకం బల్ల సొరుగులో ఉండిపోయిందని ఆటో ఎక్కాక గుర్తొచ్చింది. దిగి మళ్లీ వెళ్లి తెచ్చుకుంది.

*

ఆదివారం పొద్దున హనుమేష్ మార్కెట్ నుంచి మూడు కిలోల పండు మిరపకాయలు తెచ్చాడు. ఏటా ఈ రోజుల్లోనే పచ్చడి పెడుతుంది. కాయలు కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, నాగలత వంటింటి గడప దగ్గర కూర్చుని తొడిమలు తీస్తోంది. మూడు రోజులుగా ఏ పని పట్టినా సగంలో లేచిపోతోంది. దీన్ని మధ్యలో వదిలి లేవడానికి లేదు. కిలో అయ్యేసరికి వేళ్ల చివరలు వెచ్చబడ్డాయి. రెండో కిలోలో మంట గోళ్ల సందుల్లోకి దిగింది. కొళాయి కింద పెడితే ఇంకా ఎక్కువైంది. మజ్జిగలో ముంచి, తుడుచుకుని, మళ్లీ కూర్చుంది.

సోఫా మీద ఫోను మోగింది. "కోసిగి శివలీల అంట," అని చదివాడు హనుమేష్.

"ఇట్లా తీసుకురా. నా చెవి దగ్గర పెట్టు. చేతులు బాగాలేవు."

ఆయన పక్కన గొంతుక్కూర్చుని ఫోను ఆమె చెవికి ఆనించాడు.

"మేడం, మెయిల్ వచ్చింది!" వెనక గాలి హోరు. మిద్దె ఎక్కినట్టుంది. "మంగళవారం ఇంటర్వ్యూ అంట. ఆ కంపెనీ వాళ్లే మాట్లాడతారంట. రాజంపేట అక్కకు ఇంకా రాలేదంట. ఫోన్ చేసింది నాకు. వస్తాదిలే అని చెప్పినా."

"ఇంటర్వ్యూకు ఏమైనా చూసి పెట్టమంటావా?" అలవాటు కొద్దీ అడిగింది నాగలత.

"వద్దు మేడం. మెయిల్లోనే ఒక మాట అడిగినారు, ముందే రాసి పంపమని. ఆ సల్లచేతి మనిషి తన పని సరిగా చేయకుంటే గుంపు ఏం చేస్తాది అని."

"నువ్వేం రాశావు?"

"రాసేకి ఏముండాది మేడం? మర్నాడు ఆ మనిషీ కాయ కోయల్ల కదా, అప్పుడు తెలుస్తాది అని రాసినా."

నాగలత నవ్వింది. నవ్వు ఆగలేదు. భుజాలు కదిలాయి, చాటలో కాయలు దొర్లాయి. గాలి హోరులోంచి ఆ అమ్మాయి కూడా నవ్వుతోంది.

"ఈ పొద్దు మా అమ్మ వంతు మేడం. ఫోను ఎత్తింది, చెప్పినా. శానాసేపు మాట్లాడినా. యాడనో కేకేస్తే పోయింది."

ఫోను పెట్టేశాక నాగలత చాటలోంచి మళ్లీ ఒక కాయ అందుకుంది. కాయల ఘాటుకో, నవ్వుకో, కళ్లు నిండాయి. ఎడమ చెంప మీదుగా ఒక చుక్క దిగుతోంది. చెయ్యి దానంతటదే లేచి కంటిదాకా వచ్చింది. బెత్తెడు దూరంలో ఆగిపోయింది. వేళ్లు ఎర్రగా ఉన్నాయి. గోరు చర్మంలో కలిసేచోట సన్నగా ఒక గీత కనిపించింది.

"ఏంది లతా, ఏడుస్తాండావా?" హనుమేష్ కంగారుగా ముందుకు వంగాడు.

"లేదు. నీ చేతులు సల్లగా ఉన్నాయా?"

"ఏం?"

"కాయలు ముట్టలేదు కదా నువ్వు?"

"ముట్టలే."

"అయితే తుడువు. ఊరికే చూస్తావేం," అంది నాగలత, ముఖం ఆయన వైపు ఎత్తి.